భయం తీర్చిన మాట

నాయకుని వాక్కుకు గల విలువ సంకట సమయంలోనే తేలుతుంది. వదంతి వాకిలి వాకిలికీ తిరిగే వేళ ప్రజలు వెదకేది నమ్మదగిన మాటను. ఇందుకు 1933 మార్చి నెల చక్కని నిదర్శనం.

1929లో మొదలైన ఆర్థిక మాంద్యం అప్పటికి అమెరికాను కుంగదీసింది. 1930 నుండి 1933 వరకు దాదాపు 9,000 బ్యాంకులు కూలిపోయాయి. మిగిలినవాటి ముందు జనం బారులు తీరి, తమ సొమ్ము తెచ్చుకొని ఇళ్లలో దాచుకొన్నారు. అందరూ ఒక్కసారే అడిగితే గట్టి బ్యాంకు కూడ నిలువజాలదు. కూలుతుందన్న భయమే దానిని కూలుస్తుంది.

మార్చి 4న అధ్యక్ష పదవి స్వీకరించిన ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు, భయపడవలసినది భయానికి మాత్రమే అన్నాడు. ఆ మాట జగత్ప్రసిద్ధమైనది. కాని భయపడవద్దనడం సులభం. ఎందుకు భయపడనక్కరలేదో బోధపరచడం కష్టం. ఆ కష్టమైన పనిని ఆయన మార్చి 12, ఆదివారం రాత్రి రేడియోలో చేశాడు. ప్రసంగం పావుగంటకు మించలేదు. బ్యాంకులో వేసిన సొమ్ము ఇనుపపెట్టెలో ఊరక పడి ఉండదనీ, అప్పులుగా, పెట్టుబడులుగా పరిశ్రమలనూ వ్యవసాయాన్నీ నడిపిస్తుందనీ, పిల్లలకు పాఠం చెప్పినట్లు విడమరచి చెప్పాడు. ఏ రోజున ఏ పట్టణాల బ్యాంకులు తెరుస్తారో వివరించాడు. అన్నీ తెరవబడవనీ, కొందరికి నష్టం తప్పకపోవచ్చుననీ దాచక ఒప్పుకొన్నాడు.

మరునాడు జనం మళ్లీ బారులు తీరారు. ఈసారి సొమ్ము తీయడానికి కాదు, తిరిగి వేయడానికి. రెండు వారాలలో, ఇళ్లకు చేరిన నగదులో సగానికి పైగా బ్యాంకులకు మరలి వచ్చింది.

ఇది కేవలం వాక్చాతుర్య ఫలితమని తలచరాదు. మార్చి 6న బ్యాంకులకు సెలవు ప్రకటించారు. 9న అత్యవసర శాసనం చేశారు. గట్టివని తేలినవాటినే తెరవనిచ్చారు. మాట వెనుక చేత ఉన్నది. ఆ చేతను మాట ప్రజలకు తెలియజెప్పింది.

సరిగ్గా ఆ రోజులలోనే జర్మనీలో మాట మరొక పని చేస్తున్నది. ఫిబ్రవరి 27న పార్లమెంటు భవనం తగులబడగా, కమ్యూనిస్టు తిరుగుబాటు ముంచుకు వస్తున్నదని హిట్లర్ ప్రభుత్వం చాటి, మరునాడే పౌరహక్కులను నిలిపివేసింది. మార్చి 23న పార్లమెంటు తన శాసనాధికారాన్నే ఆ ప్రభుత్వానికి ధారపోసింది.

ఒకచోట మాట భయాన్ని తీర్చి బలం కూడగట్టింది. మరొకచోట భయాన్ని పెంచి బలం కూడగట్టింది. రెంటికీ జనం వెంట నడిచారు. కనుక జనం నడిచినంత మాత్రాన మాట మంచిదని చెప్పలేము. వివరించినదా, రెచ్చగొట్టినదా? నష్టాన్ని ఒప్పుకొన్నదా, శత్రువును చూపి తప్పించుకొన్నదా? చరిత్ర చదివే విద్యార్థి ప్రతి నాయకుని ప్రసంగాన్నీ ఈ ప్రశ్నలతో పరీక్షించడం నేర్చుకోవాలి.