సగానికి కోసిన వానపాము

ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ టైర్లకు పేరుపడ్డ ఊరు. 1926లో అక్కడి బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీలో వాల్డో సెమన్ రబ్బరును లోహానికి అతికించే జిగురు కోసం వెతుకుతున్నాడు. అప్పట్లో ఎందుకూ కొరగాదనుకున్న పీవీసీ అనే వినైల్ ప్లాస్టిక్‌ను, త్వరగా ఆవిరి కాని ఒక ద్రవంలో కాచి చూశాడు. జిగురు రాలేదు. వంచితే వంగి, వదిలితే మళ్లీ నిటారయ్యే ముద్ద వచ్చింది. విడిగా ఉన్నప్పుడు బిగుసుకుని ఉండే పీవీసీ అణువుల గొలుసుల మధ్యకు ఆ ద్రవం దూరి, అవి ఒకదానిపై ఒకటి జారేలా చేసింది.

1949లో అదే ఊళ్లో నిక్ క్రీమ్, ఆయన భార్య కాస్మా ఆ మెత్తదనాన్ని చేపల వేటకు తెచ్చారు. అసలు వానపాము ఆకారాన్ని అచ్చుగా తీసి వినైల్, నూనె, రంగు కలిపి పోశారు. మన కాలవగట్ల మీద గాలానికి గుచ్చే ఎర్ర కాసేపట్లో చచ్చి పాలిపోతుంది, ఇది పాలిపోదు. రెండేళ్లకే పోస్టులో డాలరుకు ఐదు చొప్పున అమ్మారు.

ఆ పురుగు తయారవడం పూర్తయింది కర్మాగారంలో కాదు, జాలరి చేతిలోని బ్లేడు కింద అని నా నమ్మకం. బ్లూగిల్ అరచేతి వెడల్పు చేప, నోరు చాలా చిన్నది. అది ఎరను కొరకదు, పీలుస్తుంది. నోరు గబుక్కున తెరవగానే నీళ్లతో పాటు ఎర కూడా లోపలికి పోతుంది. అయితే ఆ పీల్పు బలంగా అందేది దాదాపు దాని నోటి వెడల్పంత దూరమే. ఆరంగుళాల పురుగును వేస్తే తోకకొస పట్టి లాగి వదిలేస్తుంది. గాలం ముల్లు తల దగ్గరే ఉండిపోతుంది. అందుకే సన్నని తోకవైపు నుంచి అంగుళం ముక్క కోసి చిన్న ముల్లుకు గుచ్చుతారు. కొసను బ్లేడుతో నిలువునా చీలిస్తే తీగను లాగకపోయినా ఆ రెండు పాయలూ అల్లాడుతూ ఉంటాయి.

బాస్ అనే చేప నోరు పెద్దదే. అయినా దానికీ కురచ ఎర పనిచేస్తుందని కాన్సస్‌కు చెందిన నెడ్ కీడీ చూపించాడు. ఐదంగుళాల ఎరను సగానికి కోసి, రెండు గ్రాములైనా తూగని పుట్టగొడుగు తలలాంటి సీసం ఉన్న ముల్లుకు తొడిగాడు. ఆ ఎర పీవీసీ కాదు, నీళ్లలో తేలే ఎలాజ్‌టెక్ అనే పదార్థం. సీసం అడుగున ఆనుకుంటే తోక పైకి లేచి నిలబడుతుంది. అది ఇంకా తేలికపడాలని కొందరు వేడినీళ్లలో సాగదీసి అందులోని ఉప్పు వదిలిస్తారు. గ్యారీ యమమోటో తెచ్చిన సెంకో అనే పీవీసీ ఎరది సరిగ్గా ఎదురు దారి: ఒంటినిండా ఉప్పు నింపుకుని, వణుకుతూ మునుగుతుంది. ఈ రెండు రకాలనూ ఒకే డబ్బాలో ఉంచకూడదు. పీవీసీలోని నూనె ఎలాజ్‌టెక్‌లోకి పాకి రెండూ కరిగి అతుక్కుపోతాయి.

చిరిగిన పీవీసీ పురుగును పారేయనక్కర్లేదు. వేడి చేసిన కత్తి అలుగును చీలిక మధ్య ఉంచి తీసి, రెండు అంచులూ నొక్కితే ఒకటైపోతాయి. ఒకదాని తలకు ఇంకోదాని తోకను అతకడమూ ఇలాగే. ముక్కలను చెరువులో విసరడం మాత్రం ఘోరం. అవి కుళ్లవు, చేపలు మింగుతాయి. వాటిని దాచిపెట్టి, గాలి బాగా ఆడేచోట, మాడకుండా కరిగించి మళ్లీ అచ్చు పోసేవాళ్లున్నారు. మాడితే విషవాయువు వస్తుంది. గులాబీ, ఆకుపచ్చ, నీలం అన్నీ ఆ గిన్నెలో కలిసి చివరికి మట్టిరంగుకు వస్తాయి, దాదాపు అసలు వానపాము రంగు.