ల్యుకేమియా రోగుల్లో యాంటీఆక్సిడెంట్ ఎంజైముల జన్యు వ్యక్తీకరణ: ఫలితాల అన్వయం

ఉపోద్ఘాతం

అన్నోజిగూడ నుంచి వరంగల్ రహదారి మీదుగా హైదరాబాదులోకి వచ్చే దారిలో ఉప్పల్‌లో సి.డి.ఎఫ్.డి., హబ్సిగూడలో సి.సి.ఎం.బి. వంటి జన్యు పరిశోధన సంస్థలున్నాయి. ల్యుకేమియా రోగులు చికిత్స పొందే ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి నగరం నడిబొడ్డున రెడ్‌హిల్స్‌లో ఉంది. రోగి రక్తనమూనా ఆసుపత్రి నుంచి ప్రయోగశాలకు చేరి ఒక అంకెగా మారేలోపు ఆ అంకె అర్థాన్ని ప్రభావితం చేసే అంశాలు అనేకం. యాంటీఆక్సిడెంట్ ఎంజైముల విషయంలో వాటిని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎంజైముల పరస్పర సంబంధం

కణశ్వాసక్రియలో ఏర్పడే సూపర్ ఆక్సైడ్‌ను సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. ఈ ఎంజైము చర్యను 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ వెల్లడించారు. ఆ పెరాక్సైడ్‌ను కెటలేజ్, గ్లుటాథయోన్ పెరాక్సిడేజ్ నిర్వీర్యం చేస్తాయి. మొదటి చర్య వేగం పెరిగి, రెండవది పెరగకపోతే పెరాక్సైడ్ పోగుపడుతుంది. కనుక ఒక్క జన్యువు వ్యక్తీకరణ పెరిగినంత మాత్రాన కణానికి రక్షణ పెరిగిందని చెప్పలేం.

పెరుగుదలకు కారణాలు

డిస్మ్యుటేజ్ రూపాల్లో ఒకటైన ఎస్.ఓ.డి.1 జన్యువు 21వ క్రోమోజోముపై ఉంది. తీవ్ర లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాలో క్రోమోజోముల సంఖ్య పెరిగిన కణాల్లో 21వ క్రోమోజోము అదనంగా ఉండడం సాధారణం. అలాంటి రోగిలో ఈ జన్యువు వ్యక్తీకరణ పెరగడానికి ఆక్సీకరణ ఒత్తిడి కాక, అదనపు ప్రతి కారణం కావచ్చు.

నమూనాలోని చిక్కులు

సందేశ ఆర్.ఎన్.ఎ.ను తెల్ల రక్తకణాల నుంచి తీస్తారు. ఎంజైము చర్యను మాత్రం తరచుగా ఎర్ర రక్తకణాల్లో కొలుస్తారు. పరిణత ఎర్రకణానికి కేంద్రకం లేదు. దాని ఆయుష్షు సుమారు 120 రోజులు. అందులోని ఎంజైము ఎప్పుడో తయారైనది. రోగికి రక్తమార్పిడి జరిగి ఉంటే ఆ ఎంజైములో కొంత దాతది కూడా. ఈ రెండు కొలతలు ఏకీభవించకపోతే ఆశ్చర్యం లేదు.

ఆరోగ్యవంతుల రక్తంలో ప్రధానంగా న్యూట్రోఫిల్స్, లింఫోసైట్లు ఉంటాయి. రోగి రక్తంలో అపరిణత బ్లాస్ట్ కణాలు అధికంగా ఉండవచ్చు. అప్పుడు కనిపించే తేడా వ్యాధిది కాక, కణజాతిది కావచ్చు.

సందేశం, ఎంజైము

గ్లుటాథయోన్ పెరాక్సిడేజ్-1 చర్యకు సెలీనియం అవసరం. అది కొరవడితే సందేశం ఉన్నా ఎంజైము తగినంత ఏర్పడదు. అందువల్ల జన్యు వ్యక్తీకరణతో పాటు అదే కణాల్లో ఎంజైము చర్యను కూడా కొలవాలి.

ఉపసంహారం

ఈ అన్వయంలో పొరపాటు జరిగితే నష్టం రోగికే. వ్యక్తీకరణ తగ్గిందన్న ఒక్క ఫలితంతో యాంటీఆక్సిడెంట్ మాత్రలు సూచించడం సమంజసం కాదు. తీవ్ర ప్రోమైలోసైటిక్ ల్యుకేమియాలో వాడే ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్ వంటి ఔషధం కొంతవరకు ఆక్సీకరణ ఒత్తిడిని పెంచే క్యాన్సర్ కణాలను నశింపజేస్తుంది. చికిత్సకు ముందే నమూనా సేకరించడం, రక్తమార్పిడి వివరాలను, బ్లాస్ట్ కణాల శాతాన్ని, క్రోమోజోముల స్థితిని నమోదు చేయడం, మూడు ఎంజైములను కలిపి పరిశీలించడం ఇలాంటి అధ్యయనానికి కనీస నియమాలు.