పొట్టి గొట్టం, పొడుగు చట్టం

అమెరికాలో తుపాకీ కొనడం తేలికే కావచ్చు గానీ, కొన్నాక దాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చుకోవడం అంత తేలిక కాదు. రైఫిల్ గొట్టం 16 అంగుళాల కన్నా తగ్గిందంటే ఫెడరల్ చట్టం దాన్ని వేరే జాతి కింద లెక్కేస్తుంది. ముందే దరఖాస్తు పెట్టి, వేలిముద్రలిచ్చి, అనుమతి వచ్చాకే గొట్టం కొయ్యాలి. కాదని రంపం పట్టుకుంటే పదేళ్ల దాకా జైలు. షాట్‌గన్‌కు హద్దు 18 అంగుళాలు. నాలుగంగుళాల గొట్టమున్న పిస్టల్‌కు మాత్రం ఈ బెడద లేదు. చొక్కా కింద దాచడానికి పిస్టలే కదా అనువు, మరి పొట్టి రైఫిల్ మీదే ఎందుకింత పట్టు?

దీనికి జవాబు 1934లో దొరుకుతుంది. ముఠాల కాల్పులతో జనం బెదిరిపోయి ఉన్న రోజులవి. రూజ్‌వెల్ట్ ప్రభుత్వం తెచ్చిన నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ ముసాయిదాలో మెషిన్‌గన్‌లతో పాటు పిస్టళ్లు, రివాల్వర్లు కూడా ఉన్నాయి. వాటిని కట్టడి చేస్తే జనం పొడుగు తుపాకులు కోసి పిస్టళ్లలా వాడతారన్నది పొట్టి గొట్టాల నిబంధన వెనకున్న ఆలోచన. తీరా చర్చల్లో పిస్టళ్లను తీసేశారు, పొట్టి తుపాకులను ఉంచేశారు. ఇల్లు పడగొట్టి ప్రహరీగోడ మిగిల్చినట్టయింది. ఆ గోడ ఇప్పటికీ ఉంది.

అప్పుడు పెట్టిన పన్ను 200 డాలర్లు. ఆ రోజుల్లో ఒక థాంప్సన్ సబ్‌మెషిన్‌గన్ ఖరీదే దాదాపు అంత. ఖజానా నింపడానికి కాదు, కొనేవాణ్ణి వెనక్కి పంపడానికే అంత పన్ను. ధరలు ఎన్ని రెట్లు పెరిగినా తొంభై ఏళ్లు ఆ అంకెను ఎవరూ కదపలేదు. 2025లో చేసిన చట్టంతో పొట్టి తుపాకులకు, సైలెన్సర్లకు 2026 జనవరి 1 నుంచి పన్ను సున్నా అయింది. రిజిస్ట్రేషన్ మాత్రం తప్పదు. మెషిన్‌గన్‌కు 200 డాలర్లు అలాగే ఉన్నాయి. అయితే 1986 మే 19 తర్వాత రిజిస్టరైన మెషిన్‌గన్‌ను మామూలు పౌరుడు కొనడానికే వీల్లేదు.

ఇంతకీ గొట్టం పొడవు ఎలా కొలుస్తారు? బయటి నుంచి టేపు పెట్టి కాదు. ఖాళీ తుపాకీ బోల్టు మూసి, గొట్టం మూతిలోంచి సన్నటి కర్ర దించుతారు. కర్ర బోల్టుకు ఆనగానే మూతి దగ్గర గీత పెట్టి, బయటికి తీసి, ఆ మేరకు కొలుస్తారు. మూతికి మరతో బిగించిన తొడుగు లెక్కలోకి రాదు. అదే తొడుగును వెల్డింగ్‌తో శాశ్వతంగా అతికిస్తే గొట్టంలో భాగమే! 14.5 అంగుళాల గొట్టం చట్టబద్ధంగా 16 దాటేది ఇలాగే.

ఏఆర్-15 రైఫిల్‌ను విడదీసి బల్ల మీద పరిస్తే, ఫెడరల్ చట్టం 'తుపాకీ' అనేది అందులో ఒక్క ముక్కనే. సీరియల్ నంబరుండే కింది రిసీవర్ అది. గొట్టం, ట్రిగ్గర్, బట్ విడిభాగాలు మాత్రమే, ఫెడరల్ చట్టం వరకు పోస్టులో తెప్పించుకోవచ్చు. ఈ సందులోంచే సగం చేసిన రిసీవర్ కిట్లు వచ్చాయి. ఇంట్లో పూర్తి చేసుకుంటే నంబరు లేని తుపాకీ తయారు. ఇలాంటి కిట్లనూ అదుపులోకి తెస్తూ, తుపాకుల చట్టాలను అమలు చేసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ 2022లో నియమం పెట్టింది. 2025 మార్చిలో సుప్రీంకోర్టు 7-2తో దాన్ని నిలబెట్టింది. పోలీసులు ఆచూకీ తీయలేని తుపాకుల గురించి ఆలోచిస్తే ఈ తీర్పు రావలసిందే అనిపిస్తుంది నాకు.

ఇలాంటి చిత్రమైన మెలికలు ఇంకా ఉన్నాయి. పిస్టల్‌కు ముందువైపు నిలువు పిడి తగిలిస్తే అది పిస్టల్ కాకుండా పోతుంది, రిజిస్టర్ చేయించాలి. పిడి ఏటవాలుగా ఉంటే ఆ అవసరం లేదు. దిగుమతైన కొన్ని రకాల రైఫిళ్లను మార్చి కూర్చేటప్పుడు విడిభాగాలు లెక్కపెట్టుకోవాలి. జాబితాలోని 20 భాగాల్లో విదేశీవి పదికి మించకూడదు. 2004లో ఏటీఎఫ్ ఒక ఉత్తరంలో బూటు లేసును మెషిన్‌గన్ అంది. తుపాకీకి తగిలించి ఆగకుండా పేలేలా చేస్తేనే అది మెషిన్‌గన్ అని 2007లో సర్దుకుంది.

1968లో ఇంకో చిక్కు. హేన్స్ అనే ముద్దాయి, రిజిస్టర్ చేయని పొట్టి తుపాకీ ఉందన్న కేసులో సుప్రీంకోర్టుకెళ్లాడు. ఇప్పుడు రిజిస్టర్ చేయించడమంటే నా నేరం నేనే ఒప్పుకోవడం కదా, రాజ్యాంగం నన్ను అలా బలవంతపెట్టనివ్వదు కదా అన్నది వాదన. కోర్టు ఔనంది. కాంగ్రెస్ అదే ఏడాది చట్టాన్ని తిరగరాయాల్సి వచ్చింది.

అన్నిటికన్నా బరువైనది బంప్ స్టాక్ కేసు. తుపాకీ తన్నే ఊపునే వాడుకుని వేలికి ట్రిగ్గర్ వెంటవెంటనే తగిలేలా చేసే బట్ ఇది. 2017 అక్టోబర్ 1న లాస్ వేగాస్‌లో సంగీత కచేరీకి వచ్చిన జనంపై కాల్పులు జరిపినవాడు దీన్నే వాడాడు. 60 మంది పోయారు. ఆ తర్వాత ఏటీఎఫ్ దీన్ని మెషిన్‌గన్ కింద జమకట్టి నిషేధించింది. 2024 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని 6-3తో కొట్టేసింది. ట్రిగ్గర్ ఒకసారి కదిలితే ఒకటికి మించి గుళ్లు పేలితేనే మెషిన్‌గన్ అని చట్టంలో ఉంది, ఇక్కడ ప్రతి గుండుకూ ట్రిగ్గర్ కదులుతూనే ఉంది అన్నది మెజారిటీ మాట. అక్షరం పట్టుకుంటే ఆ వాదన నిలుస్తుంది. ఆ రాత్రి మైదానంలో ఉన్నవాళ్లకు మాత్రం అది మెషిన్‌గనే. చట్టాన్ని సవరించడం కాంగ్రెస్ చేతిలో పని అని జస్టిస్ అలీటో విడిగా రాశారు. ఫెడరల్ నిషేధం పోయినా, కాలిఫోర్నియా సహా పలు రాష్ట్రాలు సొంత చట్టాలతో బంప్ స్టాక్‌ను నిషేధించే ఉంచాయి.