కూర్చునే పనే కదా, నడుము నొప్పి ఎందుకు?

పిల్లలూ, ఇది మీరు కూడా చదవాల్సిందే, చివర్లో మీకొక పని ఉంది.

ఈ మధ్య మీటింగు అయినాక ఒక తండ్రి నా దగ్గర ఆగి ఒక మాట అడిగినారు. వాళ్ళ పెద్దబ్బాయిది బెంగళూరులో కంప్యూటర్ పని. వారంలో కొన్ని రోజులు ఊళ్ళోనే ఉండి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటాడు. "సార్, మేం పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా వంగి టమోటా నాటుతాం, కలుపు తీస్తాం. వాడు నీడలో కూర్చోని నడుము నొప్పంటాడు. ఇది నొప్పా, లేకుంటే సాకా?"

ఆయన నవ్వుతానే అడిగినారు గానీ, ఇంట్లో ఆ మాట మీద గొడవ జరిగినట్టుంది. రాయల్పాడు చుట్టుపక్కల ఇప్పుడు చాలా ఇళ్ళల్లో ఇదే సంగతి. అమ్మానాన్నలది మామిడితోట, టమోటా, పాడి. బిడ్డలది కీబోర్డు. ఒకరి కష్టం ఇంకొకరికి కనపడదు.

ఆ తండ్రికి చెప్పిన జవాబే ఇక్కడా చెప్తాను. నొప్పి నిజమే. మీ నొప్పీ నిజమే, వాడి నొప్పీ నిజమే. రెండింటి దారులు మాత్రం వేరు.

మన వెన్నెముకలో ఎముకకూ ఎముకకూ మధ్య ఒక మెత్తటి బిళ్ళ ఉంటుంది. దాన్నే డిస్కు అంటారు. పెద్దవాళ్ళలో ఈ డిస్కు లోపలికి రక్తనాళాలు పోవు. మరి దానికి తిండి ఎట్లా అందుతుంది? చుట్టూ ఉన్న ఎముకల నుంచి కొంచెం కొంచెంగా ఊరుతుంది. నీళ్ళల్లో ముంచిన స్పాంజిని తలుచుకోండి. నొక్కితే నీళ్ళు బయటికి పోతాయి, వదిలితే లోపలికి పీల్చుకుంటుంది. మనం నడిచినప్పుడు, వంగి లేచినప్పుడు, పక్కకు తిరిగినప్పుడు డిస్కు మీద బరువు మారుతా ఉంటుంది. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే నొక్కుడే ఉంటుంది, వదులుడు ఉండదు. కండరాల సంగతీ అంతే. మెడ, భుజాలు, నడుము కండరాలు ఒకే బిగువులో ఉండిపోతే రక్తం సరిగ్గా ఆడదు, పట్టేస్తాయి.

పొలంలో మీరు వంగుతారు, లేస్తారు, గట్టు మీదికి పోయి నీళ్ళు తాగొస్తారు, బుట్ట ఎత్తుతారు. బరువెక్కువై మీకు నొప్పొస్తుంది. మీ అబ్బాయికి కదలిక తక్కువై వస్తుంది.

ఇదేమీ కొత్త జబ్బు కాదు. ఇటలీలో రామజ్జిని అనే వైద్యుడు పనివాళ్ళకు వచ్చే రోగాల మీద 1700లో ఒక పుస్తకం వేసినాడు. 1713లో దాన్ని పెంచి మళ్ళీ వేసినప్పుడు, రోజంతా కూర్చోని లెక్కలు రాసే గుమాస్తాల బాధలను కూడా చేర్చినాడు. ఎప్పుడూ కూర్చోనుండడం, చెయ్యి ఒకే తీరుగా ఆడడం, తప్పు పోకూడదనే మనసు ఒత్తిడి, ఈ మూడూ కారణాలన్నాడు. కంప్యూటర్ లేని కాలంలో చెప్పిన మాట ఇది. ఇప్పటికీ దాంట్లో మార్చాల్సింది పెద్దగా లేదు.

కోలారు జిల్లాలో ఇంకొక బాధ కూడా కలుస్తుంది, ప్రయాణం. 2001 ఫిబ్రవరి 28న కే.జి.ఎఫ్. బంగారు గనులు మూతపడినాక అక్కడివాళ్ళు ఎంతోమంది బెంగళూరు పనులకు రోజూ రైల్లో పోయివస్తా ఉన్నారు. బంగారుపేట నుంచే దగ్గర దగ్గర 70 కిలోమీటర్లు. ఆఫీసులో కూర్చోవడం, రైల్లో కూర్చోవడం, ఇంటికొచ్చి టీవీ ముందు మళ్ళీ కూర్చోవడం. నడుముకు సెలవెప్పుడు?

"నిటారుగా కూర్చో, గూని పడతావు" అని మనం పిల్లల్ని అదిలిస్తా ఉంటాం. నేనూ అదిలించినవాణ్ణే. నిజానికి అందరికీ సరిపోయే ఒకే ఒక మంచి భంగిమ అంటూ లేదు. 1960లలో స్వీడన్ డాక్టరు నాకెంసన్ డిస్కులోకే సూది పంపి ఒత్తిడి కొలిచి, నిలబడినప్పటికన్నా ఆనుకోకుండా కూర్చున్నప్పుడు ఒత్తిడి ఎక్కువని చూపించినాడు. 1999లో జర్మనీలో మళ్ళీ కొలిచినప్పుడు, వెనక్కి ఆనుకొని వదులుగా కూర్చుంటే ఒత్తిడి తక్కువే ఉందని తేలింది. కాబట్టి కర్రలాగా బిగదీసుకొని రెండు గంటలు కూర్చున్నా చేటే. కొంచెం వాలండి, కొంచెం ముందుకు జరగండి, లేవండి. అరగంటకు ఒకసారి లేస్తే చాలు, రెండు నిమిషాలు. చెంబుడు నీళ్ళు పెద్ద సీసాలో నింపి పక్కన పెట్టుకోకుండా, లేచిపోయి తాగండి. ఫోన్ వస్తే నడుస్తా మాట్లాడండి. నడుము మీద చేతులు పెట్టుకొని నిదానంగా వెనక్కి ఐదారుసార్లు వంగండి.

ఇక సామాను సంగతి. ఇరవై వేల కుర్చీ కొనాల్సిన పని లేదు. ల్యాప్‌టాప్‌తో అసలు చిక్కేమంటే తెరా కీబోర్డూ అతుక్కొని ఉంటాయి. చేతులకు సరిపోయేట్టు పెడితే మెడ వంగుతుంది, కళ్ళకు సరిపోయేట్టు పెడితే భుజాలు పైకి లేస్తాయి. అందుకని తెరను పైకెత్తి, కీబోర్డూ మౌసూ వేరేగా పెట్టుకోవాల. ఐదారు వందల్లో మామూలు కీబోర్డు దొరుకుతుంది. తెర ఎత్తడానికి మన ఊళ్ళో వస్తువుకేం కొదవ? టమోటా మార్కెట్టుకు తోలే ప్లాస్టిక్ క్రేటు కడిగి, తుడిచి, టేబుల్ మీద బోర్లిస్తే తెర పైఅంచు దాదాపు కళ్ళకు సరిగ్గా వస్తుంది. మరీ ఎత్తయితే పాత పుస్తకాలు పేర్చుకోండి. ప్లాస్టిక్ కుర్చీలో నడుము వంపు దగ్గర తువ్వాలు చుట్టి పెట్టుకోండి. పాదాలు నేలకు ఆనకపోతే కింద పీట వెయ్యండి. మంచం మీద బోర్లా పడుకొని, దిండు మీద మోచేతులు ఆనించి పని చెయ్యడం మాత్రం మానుకోండి.

పిల్లల విషయంలో కంప్యూటర్ కన్నా ఫోనే పెద్ద దొంగ. మన తల బరువు సుమారు 5 కిలోలు. తల 60 డిగ్రీలు ముందుకు వంచితే మెడ మీద పడే భారం 27 కిలోల దాకా పోతుందని న్యూయార్క్ వెన్నెముక సర్జన్ ఒకాయన 2014లో లెక్క కట్టినారు. అది లెక్కే గానీ మనిషి మెడలో కొలిచింది కాదు. అయినా ఫోనును కాస్త పైకి ఎత్తి పట్టుకుంటే పోయేదేమీ లేదు. 2020లో బడులు మూసి ఆన్‌లైన్ క్లాసులు పెట్టినప్పుడు కేంద్ర ప్రభుత్వం 1 నుంచి 8 తరగతులకు రోజుకు రెండు క్లాసులు, ఒక్కొక్కటి 30 నుంచి 45 నిమిషాలు, అంతకు మించొద్దని చెప్పింది. చదువుకే అంత హద్దు పెడితే ఆటల వీడియోలకు ఎంత పెట్టాలో మీరే చూసుకోండి. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున గంటసేపు ఒళ్ళు కదిలే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఎస్.ఎస్.ఎల్.సి. ఏడాది అని ఆ గంటను కోసేయకండి.

నొప్పి వచ్చేసినాక ఏం చెయ్యాల? ఇక్కడే డబ్బు పోయేది, భయం పెరిగేది. మొదటిది, వారం రోజులు మంచం పట్టొద్దు. 1986లో అమెరికాలో కొందరు రోగులకు రెండు రోజులు, కొందరికి ఏడు రోజులు పడక విశ్రాంతి చెప్పి చూసినారు. రెండు రోజులవాళ్ళు ఏ విధంగానూ వెనకపడలేదు సరికదా, పని పోగొట్టుకున్న రోజులు వాళ్ళకు 45 శాతం తక్కువ. ఓర్చుకోగలిగినంత నడవండి, వేడి కాపడం పెట్టుకోండి. నడుము బెల్టు గురించి చాలామంది అడుగుతారు. నెలల తరబడి ఉండే నడుము నొప్పికి బెల్టులు వాడొద్దనే 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, వ్యాయామమే మేలంది. మందుల అంగడిలో మాత్రలు తెచ్చుకొని నెలలకొద్దీ మింగడం కడుపుకూ మూత్రపిండాలకూ మంచిది కాదు.

రెండోది, స్కానింగు. "డిస్కు జరిగిందంట" అని రిపోర్టు చూసి కుంగిపోయిన కుర్రవాళ్ళను చూసినాను. ఏ నొప్పీ లేనివాళ్ళ స్కాన్లు తీసి చూసిన పరిశోధనలన్నీ కలిపి 2015లో లెక్క వేస్తే, ఇరవై ఏళ్ళవాళ్ళలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల, 30 శాతం మందికి ఉబ్బు కనిపించింది. తల నెరిసినట్టే డిస్కూ మారుతుంది. రిపోర్టులో ఉన్నదే నొప్పికి కారణమని తేల్చాల్సింది మిమ్మల్ని పరీక్ష చేసిన డాక్టరు, కాగితం కాదు.

అయితే కొన్ని గుర్తులుంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు. మలమూత్రాల మీద పట్టు తప్పినా, మూత్రం రాకుండా ఆగిపోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలు బలహీనపడి చెప్పు జారిపోతా ఉన్నా, చెట్టు మీంచో బండి మీంచో పడినాక నొప్పి మొదలైనా వెంటనే ఆసుపత్రికి పోవాల. సాయంత్రం జ్వరం, ఒళ్ళు తగ్గిపోవడం, రాత్రిళ్ళు నిద్ర లేపే నొప్పి ఉంటే వెన్నెముక క్షయ కూడా కావొచ్చు, దానికి మందులున్నాయి, చూపించుకోండి. పదేళ్ళ బిడ్డ నడుము నొప్పని కొన్ని వారాలుగా అంటా ఉంటే, బడికి ఎగ్గొట్టే సాకు అనుకోకుండా డాక్టరుకు చూపించండి.

పిల్లలూ, ఇక మీ పని. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీళ్ళు పీల్చుకొని ఉబ్బుతాయి, పగలు అణుగుతాయి. అందుకే పొద్దున మనం సాయంత్రం కన్నా సుమారు ఒక సెంటీమీటరో, కాస్త ఎక్కువో పొడుగుంటాం. నమ్మకం లేకపోతే గోడకు ఆనుకొని నిలబడి, తల మీద స్కేలు అడ్డంగా పెట్టించుకొని పెన్సిల్ గీత గీయించుకోండి. సాయంత్రం అదే చోట ఇంకో గీత. మూడు రోజులు కొలిచి సైన్సు నోటులో రాసుకొని రండి. పొద్దున కొలత మంచం దిగిన వెంటనే తియ్యాల, పళ్ళు తోముకొని, పాలు తాగి వచ్చినాక కాదు. తగ్గే పొడుగులో సగం మొదటి గంటలోనే తగ్గిపోతుంది.