మనసును లాగే ఇంగ్లీషు మాటలు

మీ ఇంగ్లీషు వ్యాసాల్లో పువ్వు 'అట్రాక్టివ్', అంగడి 'అట్రాక్టివ్', తిరుగుబొంగరం కూడా 'అట్రాక్టివ్'! మనల్ని ఆకర్షించే వాటిని, ఊరించే వాటిని వర్ణించడానికి ఇంగ్లీషులో ఇంకా ఎన్నో మాటలున్నాయి. వాటిలో కొన్నింటికి సైన్సుతో దగ్గరి చుట్టరికం ఉంది. అందుకే ఇంగ్లీషు మాష్టారు చెప్పవలసిన పాఠాన్ని ఈసారి సైన్సు మాష్టారు చెబుతున్నాడు.

ముందు ఈ 'అట్రాక్ట్' సంగతి చూద్దాం. లాటిన్ భాషలో 'ట్రాహెరే' అంటే లాగడం. తనవైపు లాగుకోవడమే 'అట్రాక్ట్'. బరువు లాగే ట్రాక్టరు కూడా ఆ ధాతువు నుంచే పుట్టింది. ఇక మన 'ఆకర్షణ'లో ఉన్నది 'కృష్' అనే సంస్కృత ధాతువు. లాగడం, దున్నడం అని దానికి అర్థాలు. పొలం దున్నే కర్షకుడికి ఆ పేరు వచ్చింది అందులోంచే. అక్కడ ట్రాక్టరు, ఇక్కడ కర్షకుడు! భలేగా కుదిరింది కదూ?

ఎవరి మాటకైనా జనం గుంపులుగా కదిలివస్తే వారిది 'మాగ్నెటిక్' వ్యక్తిత్వం అంటారు. మాగ్నెట్ అంటే అయస్కాంతం. 'అయస్' అంటే ఇనుము, 'కాంత' అంటే ప్రియమైనది. ఇనుముకు ప్రియమైన రాయి అన్నమాట. మన పెద్దలు దీన్నే సూదంటురాయి అన్నారు. అయితే ఒక్క తేడా గమనించండి. మీరు చూసినా చూడకపోయినా, నమ్మినా నమ్మకపోయినా, గుండుసూది అయస్కాంతానికి అంటుకుంటుంది. మరి మనుషుల విషయంలో లాగేది ఎదుట ఉన్న వస్తువా, మన మనస్సా? దీన్ని తేల్చడానికి ఒకప్పుడు నిజంగానే ప్రయోగం చేశారు. ఆ కథ 'మెస్మరైజింగ్' అనే మాటలో దాగి ఉంది.

ఫ్రాంజ్ ఆంటన్ మెస్మర్ వియన్నా నగరంలో వైద్యుడు. 1774లో ఆయన రోగులకు అయస్కాంతాలతో చికిత్స మొదలుపెట్టాడు. కొంతకాలానికి అయస్కాంతాలు కూడా అక్కరలేదన్నాడు. ప్రాణుల్లో ప్రవహించే ఒక అదృశ్య ద్రవం ఉందనీ, దాన్ని తాను నడిపించగలననీ చెప్పాడు. దానికి 'జంతు అయస్కాంతత్వం' అని పేరు పెట్టాడు. 1778లో పారిస్ చేరాక ఆయన పేరు మారుమోగింది. పెద్ద తొట్టి చుట్టూ రోగులు కూర్చుని, అందులోంచి పైకి వచ్చిన ఇనుప కడ్డీలను పట్టుకునేవారు. కొందరు వణికిపోయేవారు, కొందరు మూర్ఛపోయేవారు. జబ్బు నయమైందని కొందరు చెప్పేవారు.

1784లో ఫ్రాన్సు రాజు 16వ లూయీ ఈ విషయం తేల్చమని ఒక సంఘాన్ని వేశాడు. అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్, లావోయిజర్ ఉన్నారు. వీరిద్దరూ మీ పాఠాల్లోని పెద్దలే! మెస్మర్ పరీక్షకు ఒప్పుకోలేదు. ఆయన అనుచరుడైన డెస్లాన్ అనే వైద్యుడు ఒప్పుకున్నాడు. ఫ్రాంక్లిన్ ఇంటి తోటలో ఒక చెట్టుకు డెస్లాన్ ఆ శక్తిని ఎక్కించాడు. తర్వాత 12 ఏళ్ల కుర్రవాడిని కళ్లకు గంతలు కట్టి తీసుకువచ్చారు. ఒక్కొక్క చెట్టునూ కౌగిలించుకోమన్నారు. మొదటి చెట్టు దగ్గరే చెమటలు పట్టాయి. నాలుగో చెట్టు దగ్గర స్పృహ తప్పి పడిపోయాడు. కానీ శక్తి ఎక్కించిన చెట్టు ఆ నాలుగింటిలో ఒకటి కాదు, అది కాస్త దూరంలో ఉంది!

కుర్రవాడు నటించలేదు, నిజంగానే పడిపోయాడు. అతన్ని పడవేసింది చెట్టు కాదు, చెట్టులో ఏదో ఉందన్న నమ్మకం. అదృశ్య ద్రవం ఉందనడానికి ఆధారం లేదని సంఘం తేల్చింది. ఇవాళ కొత్త మందును పరీక్షించేటప్పుడు, ఎవరికి అసలు మందు ఇచ్చారో, ఎవరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారో రోగికి చెప్పరు. చాలా పరీక్షల్లో ఇచ్చే వైద్యుడికీ చెప్పరు. ఇదీ కళ్లకు గంతలు కట్టడమే.

మెస్మర్ సిద్ధాంతం పోయింది, మాట మాత్రం మిగిలింది. మైమరపించే సంగీతాన్ని 'మెస్మరైజింగ్' అనవచ్చు. లడ్డూని అలా అంటే నవ్వుతారు. నోరూరించే లడ్డూకి 'టెంప్టింగ్' చాలు.

'అల్యూరింగ్' అనే మాటలో 'ల్యూర్' ఉంది. వేటకు వదిలిన డేగను వెనక్కి రప్పించడానికి తాడుకు ఈకలు కట్టి గిరగిర తిప్పుతారు. అదే ల్యూర్, అంటే ఎర. లోతైన సముద్రంలో ఉండే ఆంగ్లర్ చేప తలమీద వెలిగే చిన్న దీపం కూడా ఎరే. ఆ దీపాన్ని వెలిగించేది అందులో నివసించే బాక్టీరియా. కనుక ఏదైనా ప్రకటనను 'అల్యూరింగ్' అన్నారంటే, దాని వెనుక నోరు ఉందేమో చూసుకోమన్న హెచ్చరిక కూడా అందులో కొంచెం ఉందని నాకు అనిపిస్తుంది.

'ఎంటైసింగ్' మూలంలో ఉన్నది మండే కొరివి. మనం ఎవరినైనా 'ఎగదోశాడు' అంటాం చూడండి, పొయ్యిలో కట్టెను ఎగదోసినట్టు, అలాంటిదే.

ఇక నాకు అన్నిటికంటే నచ్చిన మాట 'టాంటలైజింగ్'. గ్రీకు పురాణాల్లో టాంటలస్ అనే రాజు దేవతల ఆగ్రహానికి గురయ్యాడు. గడ్డం దాకా నీళ్లలో నిలబడే శిక్ష వేశారు. తాగబోతే నీరు కిందికి పోతుంది, కోయబోతే తలమీది పండ్లు పైకి పోతాయి. అందీ అందకుండా ఊరించేదే 'టాంటలైజింగ్'. 1802లో స్వీడన్ రసాయన శాస్త్రజ్ఞుడు ఎకెబర్గ్ ఒక కొత్త లోహాన్ని కనుగొన్నాడు. దాని ఆక్సైడును ఎంత ఆమ్లంలో ముంచినా అది ఆమ్లాన్ని పట్టించుకోలేదు. నీళ్లలో ఉండీ తాగలేని రాజు గుర్తుకువచ్చి దానికి టాంటలమ్ అని పేరు పెట్టాడు. సెల్‌ఫోన్లలోని చిన్న కెపాసిటర్లలో ఈ లోహం వాడతారు. దాన్ని అచ్చంగా పోలిన మరో లోహానికి 1844లో హైన్రిష్ రోజ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు నియోబియం అని పేరు పెట్టాడు. నియోబీ ఆ టాంటలస్ కూతురు.