లినక్సులో వీడియో ఆటలు

లినక్స్ కెర్నలు ఆధారంగా పనిచేసే ఉబుంటు, ఫెడోరా, డెబియన్ వంటి నిర్వహణ వ్యవస్థలలో కంప్యూటరు ఆటలు ఆడటాన్ని లినక్స్ గేమింగ్ అంటారు. సర్వర్లలోను, సూపర్ కంప్యూటర్లలోను, ఆండ్రాయిడ్ రూపంలో చరవాణులలోను లినక్స్ విస్తృతంగా వాడుకలో ఉంది. కానీ ఇంటి కంప్యూటరులో ఆటల విషయానికి వచ్చేసరికి అది చాలాకాలం విండోస్ కంటే బాగా వెనుకబడి ఉండేది. ఇందుకు రెండు ప్రధాన కారణాలు ఉన్నాయి. మొదటిది, ఆటలు తయారుచేసే సంస్థలు ఎక్కువగా విండోసుకు మాత్రమే ఆటలు రాయడం. రెండవది, గ్రాఫిక్స్ కార్డు మొదలైన పరికరాల అంతర్గత వివరాలను వాటి తయారీదారులు వెల్లడించకపోవడం. మొదటి లోటును 2018లో వచ్చిన ప్రోటాన్ అనే సాఫ్టువేరు చాలావరకు తీర్చింది. రెండవది మాత్రం పరికరాన్ని బట్టి, తయారీదారును బట్టి నేటికీ ఎదురవుతూనే ఉంది.

ఆట నడిచే విధానం

ఆట తెరపై ఒక బొమ్మను గీయాలంటే అది గ్రాఫిక్స్ కార్డుతో నేరుగా మాట్లాడదు. ముందుగా ఓపెన్‌జీఎల్, వల్కన్, డైరెక్ట్3డీ వంటి ఒక ప్రామాణిక భాషలో ఆదేశాలు ఇస్తుంది. డ్రైవరు అనే ప్రోగ్రాము ఆ ఆదేశాలను కార్డుకు అర్థమయ్యే సంకేతాలుగా మారుస్తుంది. వీటిలో డైరెక్ట్3డీ మైక్రోసాఫ్ట్ సంస్థకు చెందినది. విండోస్ ఆటలలో అధికభాగం దీనిలోనే రాయబడ్డాయి. ఓపెన్‌జీఎల్, వల్కన్ అనేవి ఏ నిర్వహణ వ్యవస్థలోనైనా అమలు చేయదగిన ప్రమాణాలు.

ఉత్తరం రాసుకోవడానికి, లెక్కలు వేసుకోవడానికి సాధారణమైన డ్రైవరు సరిపోతుంది. ఆటకు అలా సరిపోదు. సెకనుకు 60 చిత్రాలు చూపించాలంటే ఒక్కొక్క చిత్రాన్ని సుమారు 16.7 మిల్లీసెకన్లలో పూర్తి చేయాలి. డ్రైవరులో ఏ చిన్న లోపమున్నా ఆట తడబడుతుంది, తెర చీలినట్లు కనిపిస్తుంది, లేదా కంప్యూటరు స్తంభించిపోతుంది. కాబట్టి ఒక యంత్రంలో మిగిలిన పనులన్నీ చక్కగా జరుగుతున్నా ఆటలు మాత్రం సరిగా నడవకపోవచ్చు.

చరిత్ర

తొలి ఆటలు

లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ కెర్నలును విడుదల చేశాడు. 1993 డిసెంబరులో వచ్చిన డూమ్ ఆటను ఐడీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి డేవ్ టేలర్ 1994లో లినక్సుకు మలిచాడు. ఆ సంస్థ 1997లో డూమ్ సోర్సు కోడును కూడా విడుదల చేయడంతో ఔత్సాహికులు దానిని అనేక యంత్రాలకు తీసుకువెళ్ళారు. ఇదే కాలంలో ఫ్రీసివ్ (1996), తరువాత టక్స్ రేసర్ (2000), బ్యాటిల్ ఫర్ వెస్నోత్ (2003) వంటి స్వేచ్ఛా సాఫ్టువేరు ఆటలు వెలువడ్డాయి.

విండోసులో పేరుపొందిన ఆటలను లినక్సుకు మలిచి అమ్మే ఉద్దేశంతో స్కాట్ డ్రేకర్ 1998లో అమెరికాలో లోకి సాఫ్ట్‌వేర్ అనే సంస్థను స్థాపించాడు. సివిలైజేషన్: కాల్ టు పవర్ ఈ సంస్థ తొలి ఆట. కొనేవారి సంఖ్య ఖర్చులకు సరిపోనందున సంస్థ 2002 జనవరిలో మూతపడింది. లోకి మిగిల్చి వెళ్ళిన పని మాత్రం నిలిచింది. ఆ సంస్థలో పనిచేసిన శామ్ లాంటింగా 1998లో రూపొందించిన ఎస్‌డీఎల్ అనే లైబ్రరీని నేటికీ ఎన్నో ఆటలు వాడుతున్నాయి. తెర, ధ్వని, కీబోర్డు, జాయ్‌స్టిక్ అన్నింటినీ ఒకే పద్ధతిలో వాడుకునే వీలును ఈ లైబ్రరీ కల్పిస్తుంది.

వైన్

విండోస్ ప్రోగ్రాములను లినక్సులో నడపటానికి వైన్ అనే ప్రాజెక్టు 1993లో మొదలైంది. ఇది విండోసును అనుకరించే యంత్రం కాదు. విండోస్ ప్రోగ్రాము చేసే పిలుపులను అందుకొని, అదే పనిని లినక్స్ పద్ధతిలో చేసి పెడుతుంది. దీని 1.0 సంచిక 15 సంవత్సరాల కృషి తరువాత 2008 జూన్‌లో విడుదలైంది. ఆ రోజుల్లో ఒక ఆటను వైన్‌లో నడపటానికి వాడుకరి గంటలకొద్దీ అమరికలు మార్చి చూడవలసి వచ్చేది. ఒక సంచికలో నడిచిన ఆట తరువాతి సంచికలో నడవకపోవడం కూడా సాధారణమే.

స్టీమ్, ప్రోటాన్

ఆటలను అంతర్జాలం ద్వారా అమ్మే స్టీమ్ అనే సాఫ్టువేరును వాల్వ్ సంస్థ 2013 ఫిబ్రవరిలో లినక్సుకు విడుదల చేసింది. దీనికి కొన్ని నెలల ముందు, 2012లో, సంస్థ అధిపతి గేబ్ న్యూవెల్ విండోస్ 8ను తీవ్రంగా విమర్శించాడు. ఒకే సంస్థ చేతిలోని వేదికపై తన వ్యాపారమంతా ఆధారపడటం వాల్వుకు ఆందోళన కలిగించింది. 2015 నవంబరులో లినక్స్ ఆధారిత స్టీమ్ మెషీన్ కంప్యూటర్లు అమ్మకానికి వచ్చాయి గానీ, ఆటలు తక్కువగా ఉన్నందున అవి ఆదరణ పొందలేదు.

వైన్ ఆధారంగా కోడ్‌వీవర్స్ సంస్థతో కలిసి వాల్వ్ తయారుచేసిన ప్రోటాన్ 2018 ఆగస్టులో విడుదలైంది. దీనిలోని ముఖ్య భాగమైన డీఎక్స్‌వీకేను ఫిలిప్ రెబోలే రాశాడు. ఇది డైరెక్ట్3డీ ఆదేశాలను 2016లో వచ్చిన వల్కన్ ఆదేశాలుగా మారుస్తుంది. దీనితో విండోసుకు మాత్రమే రాసిన వేలాది ఆటలు పెద్దగా అమరికలు మార్చనవసరం లేకుండానే లినక్సులో నడవసాగాయి.

2022 ఫిబ్రవరిలో వాల్వ్ స్టీమ్ డెక్ అనే చేతి కంప్యూటరును విడుదల చేసింది. ఇందులోని స్టీమ్‌ఓఎస్ ఆర్చ్ లినక్స్ ఆధారంగా రూపొందింది. ఈ యంత్రాలన్నింటిలోను ఒకే రకమైన గ్రాఫిక్స్ భాగం ఉండటం వలన దానికి కావలసిన షేడర్లు అనే చిన్న ప్రోగ్రాములను ముందుగానే సిద్ధం చేసి పంపడం సాధ్యమైంది. తత్ఫలితంగా ఆట మధ్యలో కలిగే తడబాటు తగ్గింది. స్టీమ్ నెలవారీ గణాంకాలలో లినక్స్ వాటా 2025 అక్టోబరులో తొలిసారిగా 3 శాతం దాటింది.

హార్డువేరు ఇబ్బందులు

గ్రాఫిక్స్ కార్డులు

లినక్స్ కెర్నలు సోర్సు కోడు అందరికీ అందుబాటులో ఉంటుంది. డ్రైవరు కోడు కూడా అందులో భాగంగా ఉంటే, కెర్నలు మారినప్పుడల్లా దానితోపాటే డ్రైవరునూ సవరిస్తారు. డ్రైవరు మూసి ఉన్న కోడు అయితే తయారీదారు కొత్త సంచిక ఇచ్చేవరకు వాడుకరి వేచి ఉండాలి. గ్రాఫిక్స్ కార్డుల విషయంలో ఎక్కువ ఇబ్బందులకు మూలం ఇదే.

ఎన్విడియా సంస్థ 2000 నుండి లినక్సుకు తన సొంత డ్రైవరును అందిస్తోంది. వేగం విషయంలో అది చాలాకాలం మిగిలినవాటికంటే మెరుగ్గా ఉండేది. కానీ దాని కోడు మూసి ఉండేది. కెర్నలును నవీకరించిన మరుసటి ఉదయం కంప్యూటరులో చిత్రమయ తెర రాకుండా నల్లతెర ఎదురుకావడం ఈ కార్డుల వాడుకరులకు అనుభవమే. ఔత్సాహికులు కార్డుకు వెళ్ళే సంకేతాలను గమనించి, వాటి అర్థాన్ని ఊహించి నూవో అనే స్వేచ్ఛా డ్రైవరును రాశారు. అది 2010లో కెర్నలులో చేరింది. అయితే 2014 తరువాతి కార్డులలో వేగాన్ని పెంచే పనికి ఎన్విడియా డిజిటల్ సంతకం గల ఫర్ముువేరు తప్పనిసరి అయింది. దానితో నూవో డ్రైవరుతో అవి తక్కువ వేగంలోనే నడిచేవి. కొన్నది పెద్ద కార్డే అయినా ఆట నడిచేది చిన్న కార్డు వేగంతోనే. 2012లో ఫిన్లాండులోని ఆల్టో విశ్వవిద్యాలయంలో జరిగిన సభలో లినస్ టోర్వాల్డ్స్ ఈ సంస్థ వైఖరిని పరుషంగా విమర్శించాడు. 2022 మే నెలలో ఎన్విడియా తన డ్రైవరులోని కెర్నలు భాగం కోడును విడుదల చేసింది. ఇది 2018లో వచ్చిన ట్యూరింగ్ తరం, ఆ తరువాతి కార్డులకు వర్తిస్తుంది.

ఏటీఐ సంస్థను 2006లో కొన్న ఏఎమ్‌డీ, 2007లో తన కార్డుల సాంకేతిక పత్రాలను బహిరంగపరచడం ప్రారంభించింది. అంతకుముందు ఆ కార్డులకు ఉన్న మూసిన డ్రైవరు లినక్స్ వాడుకరులలో మంచి పేరు తెచ్చుకోలేదు. 2015లో ఏఎమ్‌డీజీపీయూ అనే కొత్త డ్రైవరు కెర్నలులో చేరింది. మీసా అనే ప్రాజెక్టులో భాగంగా డేవ్ ఎయిర్లీ, బాస్ న్యూవెన్‌హౌజెన్ 2016లో రాడ్‌వీ అనే వల్కన్ డ్రైవరును మొదలుపెట్టారు. ఏఎమ్‌డీ కార్డులపై స్టీమ్ డెక్ వంటి యంత్రాలు నడిచేది ఈ డ్రైవరుతోనే. ఇంటెల్ కూడా తన గ్రాఫిక్స్ భాగాలకు స్వేచ్ఛా డ్రైవర్లనే అందిస్తోంది.

రెండు గ్రాఫిక్స్ భాగాలు గల ల్యాప్‌టాపులు

బ్యాటరీ ఆదా కోసం కొన్ని ల్యాప్‌టాపులలో ప్రాసెసరుతోపాటు వచ్చే చిన్న గ్రాఫిక్స్ భాగం, విడిగా ఒక పెద్ద కార్డు రెండూ ఉంటాయి. ఎన్విడియా ఈ పద్ధతిని 2010లో ఆప్టిమస్ పేరుతో ప్రవేశపెట్టింది. విండోసులో అవసరాన్ని బట్టి కార్డు దానంతటదే మారుతుంది. లినక్సులో మొదట్లో ఇందుకు ఏ ఏర్పాటూ లేదు. పెద్ద కార్డు పనిచేయకపోయినా విద్యుత్తును మాత్రం ఖర్చు చేస్తూ ఉండేది. 2011లో ఔత్సాహికులు బంబుల్‌బీ అనే సాఫ్టువేరుతో ఒక దారి చూపారు. ఎన్విడియా డ్రైవరులోనే ఈ సౌకర్యం 2019లో వచ్చింది.

ధ్వని

పూర్వం లినక్సులో ఓఎస్‌ఎస్ అనే ధ్వని వ్యవస్థ ఉండేది. దానిలో అనేక సౌండు కార్డులను ఒకేసారి ఒక్క ప్రోగ్రాము మాత్రమే వాడగలిగేది. వెనుక పాట వినిపిస్తుంటే ఆటకు శబ్దం ఉండేది కాదు. 2003లో విడుదలైన 2.6 కెర్నలుతో దాని స్థానంలో అల్సా వచ్చింది. 2007 నుండి పల్స్‌ఆడియో అనేక పంపిణీలలో చేరింది. అది పలు శబ్దాలను కలిపి వినిపించగలిగినా, తొలి సంవత్సరాలలో కొన్ని కార్డులతో శబ్దం ఆలస్యంగా రావడం, తెగిపోవడం జరిగేది. తెరపై తుపాకి పేలిన కొద్దిసేపటికి శబ్దం వినిపించడం ఆటగాళ్ళకు విసుగు పుట్టించేది. 2021లో ఫెడోరా 34తో పైప్‌వైర్ దీని స్థానాన్ని తీసుకోవడం మొదలైంది.

గేమ్ కంట్రోలర్లు, తెరలు

తీగతో కలిపే ఎక్స్‌బాక్స్ కంట్రోలర్లకు కెర్నలులోనే ఎక్స్‌ప్యాడ్ అనే డ్రైవరు ఉంది. సోనీ సంస్థ 2021లో తన ప్లేస్టేషన్ 5 కంట్రోలరుకు స్వయంగా డ్రైవరు రాసి కెర్నలుకు ఇచ్చింది. కారు ఆటలలో వాడే స్టీరింగు చక్రాలు, రంగుల దీపాల కీబోర్డులు మొదలైన వాటికి చాలావరకు ఔత్సాహికులు రాసిన డ్రైవర్లే ఆధారం.

కొన్ని ఇబ్బందులకు పరికర తయారీదారు కూడా కారణం కాదు. 4కే తెరపై సెకనుకు 120 చిత్రాలను పూర్తి రంగులతో చూపడానికి హెచ్‌డీఎమ్‌ఐ 2.1 ప్రమాణం ఉపయోగపడుతుంది. దీనిని తన స్వేచ్ఛా డ్రైవరులో చేర్చడానికి ఏఎమ్‌డీ సిద్ధపడినప్పటికీ, ప్రమాణాన్ని నిర్వహించే హెచ్‌డీఎమ్‌ఐ ఫోరం 2024లో అనుమతి నిరాకరించింది. డిస్‌ప్లేపోర్టు తీగ వాడేవారికి ఈ అడ్డంకి లేదు. కానీ టీవీలలో సాధారణంగా హెచ్‌డీఎమ్‌ఐ మాత్రమే ఉంటుంది.

మోసనిరోధక సాఫ్టువేరు

హార్డువేరు, డ్రైవర్లు అన్నీ సరిగా ఉన్నా కొన్ని ఆటలు లినక్సులో నడవవు. పలువురు కలిసి అంతర్జాలంలో ఆడే ఆటలలో మోసాలను పట్టుకోవడానికి మోసనిరోధక సాఫ్టువేరును వాడతారు. వీటిలో కొన్ని విండోస్ కెర్నలు లోతుల్లో పనిచేస్తాయి. 2021లో ఈజీ యాంటీ-చీట్, బ్యాటిల్‌ఐ అనే రెండు ప్రముఖ సాఫ్టువేర్లు ప్రోటానుకు మద్దతు ప్రకటించాయి. అయితే దానిని వాడుకోవాలా వద్దా అన్నది ఆట తయారీదారు ఇష్టం. లినక్సులో ఆడటానికి వీలున్న ఏపెక్స్ లెజెండ్స్ ఆటను 2024లో దాని నిర్వాహకులు మోసాల కారణం చూపి లినక్స్ వాడుకరులకు నిలిపివేశారు. అదే సంవత్సరం వ్యాన్‌గార్డ్ అనే సాఫ్టువేరు తప్పనిసరి కావడంతో లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆట కూడా వైన్ వాడుకరులకు దూరమైంది.

పరికరం కొనేముందు చూడదగినవి

లినక్సులో ఆటలు ఆడదలచినవారు సాధారణంగా ఈ క్రింది విషయాలను పరిశీలిస్తారు.

* పరికరం డ్రైవరు కెర్నలులోను, మీసాలోను ఉందా, లేక విడిగా స్థాపించుకోవాలా అన్నది.
* కార్డు విడుదలైన తేదీ. కొత్తగా వచ్చిన కార్డులకు కొత్త కెర్నలు అవసరం. దీర్ఘకాలిక మద్దతు గల పంపిణీలలో కెర్నలు పాతదై ఉండవచ్చు.
* ఆడదలచిన ఆట గురించి ప్రోటాన్‌డీబీలో ఇతర వాడుకరులు ఇచ్చిన నివేదికలు.
* యూఎస్‌బీ నుండి నేరుగా లినక్సును నడిపి ధ్వని, వైఫై, తెర పనితీరును పరీక్షించడం. ఇందుకు హార్డు డిస్కులో ఏదీ మార్చనవసరం లేదు.

ప్రాముఖ్యత

డ్రైవరు కోడు బహిరంగంగా ఉండటానికి, పరికరం ఆయుష్షుకు దగ్గరి సంబంధం ఉంది. ఎన్విడియా 2006లో విడుదల చేసిన జీఫోర్స్ 8800 కార్డుకు 340 వరుస డ్రైవరే చివరిది. దానికి మద్దతు 2019తో ముగిసింది. ఆ తరువాతి కెర్నళ్ళలో అది సవరణలు లేకుండా పనిచేయదు. కార్డు చెడిపోనప్పటికీ సంస్థ ఇచ్చిన డ్రైవరుతో దానిని కొత్త వ్యవస్థలో వాడే దారి మూసుకుపోయింది. ఇందుకు భిన్నంగా, ఏఎమ్‌డీ 2012లో అమ్మకానికి తెచ్చిన రేడియాన్ హెచ్‌డీ 7970 కార్డు వల్కన్ ప్రమాణం పుట్టడానికి నాలుగేళ్ళ ముందుది. స్వేచ్ఛా డ్రైవరు అందుబాటులో ఉన్నందున ఆ కార్డుకు కూడా రాడ్‌వీ ద్వారా వల్కన్ సౌకర్యం లభించింది. ఏటా కొత్త కార్డు కొనలేని విద్యార్థులకు, పాత కంప్యూటర్లతో నెట్టుకొచ్చే ఇళ్ళకు ఈ తేడా ముఖ్యమైనది. కొన్న యంత్రం ఎంతకాలం ఉపయోగపడాలన్నది మూసిన డ్రైవరు విషయంలో తయారీదారు నిర్ణయిస్తాడు. కోడు బహిరంగంగా ఉన్నప్పుడు దానిని సవరించగలవారు ఉన్నంతకాలం ఆ యంత్రం పనికివస్తుంది.

ఇవి కూడా చూడండి

* లినక్స్
* స్వేచ్ఛా సాఫ్టువేరు
* వైన్
* గ్రాఫిక్స్ కార్డు
* స్టీమ్ డెక్