మోటారు సైకిలు: ఏ తావున ఏ గేరు?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వీథులలో నేడు మోటారు సైకిళ్లకు కొదువలేదు. గేరు మార్చుట చాలమందికి వచ్చును. ఎప్పుడు మార్చవలెనో ఎఱిగినవారు కొందఱే.

క్రింది గేరులో ఇంజను పెక్కుమారులు తిరిగినగాని చక్రము ఒక్కమారు తిరుగదు. కావున బలము హెచ్చు, వేగము తక్కువ. పై గేరులో వేగము హెచ్చు, బలము తక్కువ. 63వ నంబరు జాతీయ రహదారిపై నాలవ గేరులో వచ్చిన బండి కోరుట్ల చొచ్చునప్పుడు, మొదట వేగము తగ్గించి, ఒక్కొక్క గేరే దించుచు రెండవదానికి రావలెను. సిరిసిల్లలో నూలుమూటల బండి వెనుక మెల్లగా సాగవలసివచ్చినచో మొదటి గేరే తగును. ఇంజను వణకినచో గేరు హెచ్చైనదనియు, మిక్కిలి రొద చేసినచో తక్కువైనదనియు గుర్తు.

క్లచ్చును సగము నొక్కిపట్టి నడుపరాదు. దాని ప్లేట్లు కాలి అరగిపోవును. పెట్రోలు మిగులునని పల్లమున న్యూట్రలులో విడుచుట అంతకన్న అపాయము. గేరులో నున్నప్పుడు ఇంజను కూడ బండిని నిగ్రహించును. లేనిచో భారమంతయు బ్రేకులదే. గ్రుక్కెడు పెట్రోలునకై ప్రాణము నొడ్డవచ్చునా?

పెద్దలారా, 18 ఏండ్లు నిండి లైసెన్సు పొందిన మనుమనికే తాళపుచెవి నిండు. దానితోపాటు ఈ నాలుగు మాటలును చెప్పుడు.